రాజమాత చేతి కంకణం

నగరిలో మరమగ్గాల వీధి. పగలు రెండు గంటలు. సినిమా కంపెనీలో అసిస్టెంట్ డైరెక్టరుగా పనిచేసే లోహిత, వీధినాటకాల్లో ఆడవేషాలు కట్టే మునిరామయ్య ఇంటికి వచ్చింది.

"ఆ కుర్చీలో కూర్చోబాక పాపా, దానికి ఒక కాలు ఊగతాది. ఈ మంచం మింద కూర్చో."

"వద్దులే తాతా. రాజమాత ముందర మంచమెక్కి కూర్చుంటే మా డైరెక్టర్ ఊరుకోడు."

"ఇంగా ఆ పిలుపు వదల్లేదా నువ్వు?"

"ఎట్లా వదుల్తాను? సెట్లో అందరికీ మీ పేరు అదే కదా. టీ ఇచ్చేవాళ్లు కూడా 'రాజమాతకి చక్కెర తక్కువ' అని అరిచేవాళ్లు."

"లైట్లు మోసే అరవాయన ఒకడుండె. నేను కిరీటం పెట్టుకోని కూర్చోనుంటే పక్కకొచ్చి, 'రాజమాతా, బీడీ ఒకటి ఉండాదా' అనేవాడు. పైట సాటున పెట్టుకున్న కట్ట తీసి ఇచ్చేవాణ్ణి."

"కాస్ట్యూమ్స్ రేవతి మేడం ఎంత గొడవ చేసిందో! పట్టుచీరంతా బీడీ వాసన అని."

"అవును. బాగా నవ్వినాం ఆ పొద్దు."

"నవ్వినాం తాతా. సరే గానీ, ఫోన్ ఎందుకు ఎత్తడం లేదు మీరు?"

"ఈ మగ్గాల సద్దులో యాడ వినపడతాది."

"కరెంటు పోతే మగ్గాలు ఆగుతాయి కదా. మొన్న ఇక్కడ కరెంటు ఎప్పుడు పోతుందో అడిగి మరీ చేశాను."

"జేసింటావులే. ఎండన పడి వచ్చినావు. తిరపతి నుంచేనా?"

"ఊ. నిన్న కొర్లగుంటలో మా ఇంట్లో పడుకుని, పొద్దున బస్సెక్కాను. పుత్తూరులో అరగంట నిలబెట్టేశాడు. అవ్వ ఎక్కడ తాతా? అవ్వకి ఇష్టమని పాలకోవా తెచ్చాను."

"ఆడ గూట్లో పెట్టు."

"ఇంట్లో లేదా?"

"లేదు."

"గుడికి పోయిందా?"

"నీళ్లు తాగతావా? కుండలో ఉండాయి. సల్లంగుంటాయి."

"అవ్వే ఇస్తుందిలే, రానివ్వండి. పోయినసారి వచ్చినప్పుడు సోంపు వేసిన నీళ్లు ఇచ్చింది. ఎండలో తిరిగే పిల్లవి, ఒంట్లో ఉడుకు తగ్గాలి అని దగ్గరుండి తాగించింది."

"అవును. సోంపు ఏసేది."

"తాతా, మీ చెయ్యి చూపించండి."

"ఏ సెయ్యి?"

"తువ్వాల కింద పెట్టుకున్నారే, అది. ఎడమచెయ్యి."

"పెట్టుకోలా. తువ్వాలే అడ్డమొచ్చింది."

"చూపించండి. అయ్యో! కంకణం ఇంకా తియ్యలేదా మీరు?"

"నువ్వే గదా తియ్యొద్దంటివి."

"నేనా?"

"మరిసిపోయినావా? సెంద్రగిరి కాడ కోట సెట్టు, మొదటి షెడ్యూలు ఆఖరి దినం. పూజారి వేషమేసినాయన నిజంగానే పూజారి. మంత్రం సదివి, పసుపుకొమ్ము పెట్టి కట్టినాడు. నేను వ్యాను ఎక్కేటప్పుడు నువ్వు పరిగెత్తుకోనొచ్చి ఏమంటివి? 'తాతా, కంటిన్యుటీ! తెంపే సీను తీసేదాకా దీన్ని తియ్యొద్దు. కొత్తది కడితే పసుపు రంగు తేడా వస్తాది' అంటివి."

"అన్నాను. కానీ అది పదిహేను రోజుల మాట తాతా. ఆ తర్వాత హీరో కాలు విరగ్గొట్టుకుని రెండో షెడ్యూలే నిలిచిపోయింది కదా. మూడు నెలలైంది!"

"తియ్యమని నాకెవురూ జెప్పలా."

"మీరే తీసేసుంటారు అనుకున్నాను."

"ఎట్ట తీస్తాను? మంత్రం సదివి కట్టినాక కట్టినట్టే గదమ్మా. అది గుడి అయితే ఏమి, సినిమా అయితే ఏమి. దినామూ నీళ్లు పోసుకున్నాక మీ అవ్వ పసుపు నూరుకోనొచ్చి దీనికి రాసేది. రంగు తేడా వస్తే ఆ పిల్లకి మాట పడతాది అని."

"ఇప్పుడు కూడా అవ్వే రాస్తోందా?"

"ఇప్పుడు నేనే రాసుకుంటా ఉండా."

"అవ్వకి ఒంట్లో బాలేదా?"

"నీకు తెలీదులే పాపా, కంకణం అంటే ఏందో. ముప్పై ఎనిమిదేండ్లు మా ఊరి ఉత్సవంలో కట్టుకున్నోణ్ణి. ధర్మకర్త ముందర పూజారి కట్టినాడంటే, పద్దెనిమిది దినాలు పొలిమేర దాటకూడదు. సావింటికి పోకూడదు. పీనిగని సూడకూడదు, సొంతమనిషి అయినా సరే. పద్దెనిమిదో దినం దేవి ముందర విప్పేదాకా మనం ఊరి మనుషులమే గాని ఇంటి మనుషులం కాదు."

"సెట్లో చెప్పారు తాతా. పద్దెనిమిది రోజుల నాటకం. ఆఖరి రోజు తెల్లారుజామున, చచ్చిపోయిన రాజు మట్టిబొమ్మ తల దగ్గర కూర్చుని వాళ్లమ్మ ఏడుస్తుంది, ఆ వేషం మీదే అని."

"తాటిసెట్టు పొడుగుంటాది ఆ మట్టిబొమ్మ. ఎల్లకిలా పండుకోబెట్టుంటారు. దాని తలకాడ కూర్చోని, కొంగు పరుసుకోని, పొద్దు పొడిసేదాకా ఏడ్సాల. తల్లివేషం. సుట్టుపక్కల నలభై ఊర్లలో ఆ వేషానికి నన్నే పిలిసేది. చిన్నబ్బ అని ఒకడుండాడు, నా కంటే పదేండ్లు సిన్నోడు. నాకు ఒక్క ఏడు జొరమొస్తే ఎక్కేద్దామని ముప్పై ఏండ్లుగా కాసుకోనుండాడు. జొరమొచ్చినా నేనే ఎక్కినా. ఒక్క ఏడు వదల్లా."

"అది చూసే కదా మా డైరెక్టర్ మిమ్మల్ని రాజమాతగా తీసుకున్నది."

"ఆయన మంచోడు. బాగుండాడా?"

"బాగున్నారు. తాతా, నేనొచ్చింది ఒక పని మీద."

"జెప్పు."

"రిహార్సల్లో మీరు ఒక ఏడుపు పాడారు కదా. కోటగుమ్మం ముందర, కొడుకు శవం దగ్గర."

"పాడింటి."

"అది ఇంకొక్కసారి పాడితే ఫోన్లో రికార్డు చేసుకుని పోతాను."

"షాటు తీసేటప్పుడు పాడతాను గదా."

"సంగీతం వాళ్లు ముందే కావాలంటున్నారు."

"ముందేనా."

"ఊ. ట్యూన్ చూసుకోవాలంట."

"ఏడుపుకి ట్యూనేంది పాపా?"

"నాకేం తెలుసు తాతా. తెమ్మన్నారు."

"డేట్లు వచ్చినాయా?"

"వస్తాయి. ఇంకా... వస్తాయి."

"తెమ్మనింది ఎవురు?"

"డైరెక్టరే."

"మొగం కిందికేసుకోని జెప్తావేమి?"

"ఎండకి తలనొప్పిగా ఉంది."

"ఊ. ఉంటాది, ఉంటాది. ఆ బొమ్మ భద్రంగా ఉండాదా?"

"ఏ బొమ్మ?"

"రాజు పీనిగ బొమ్మ. రబ్బరుతో జేసినారే."

"ఉంది. గోడౌన్లో పెట్టాం. దాని చెవి కింద పుట్టుమచ్చ పెట్టించారు కదా మీరు, మేకప్ గిరిప్రసాద్ చేత. ఎందుకు తాతా అంటే ఊరికే అన్నారు."

"ఊరికే."

"మీ అబ్బాయికి ఉండేదంట కదా. సెట్లో ఎవరో చెప్పారు. నేనే అడగలేకపోయాను."

"అడిగేదానికి ఏముండాది. ఊరందరికీ తెలిసిందే. మునికుమార్. పదకొండేండ్లాయ పోయి. ఇరవై రెండు నిండలా. సూళ్లూరుపేట పక్కన కంపెనీలో పని. ఉత్సవం పదైదో దినం, నాయన వేషం సూడాలని సెలవు పెట్టి బండేసుకోని వస్తా ఉండాడు. లారీ."

"అప్పుడు మీ చేతికి కంకణం ఉంది."

"ఉండె. వాణ్ణి ఇంటికి తెచ్చినారు. నేను గుడికాడ ఉంటి. ఇంటికీ గుడికీ నాలుగు వీధులు. పోలా. ఆడ వాళ్లమ్మ ఏడుపు ఈడికి వినపడతా ఉండాది. నేను ఈడ కూర్చోని మొగానికి రంగు పూసుకుంటా ఉండా."

"తాతా."

"మూడు దినాలకి, ఆఖరి తెల్లారి, మట్టిబొమ్మ తలకాడ కూర్చోని ఏడిస్తి. అట్ట ఎప్పుడూ ఏడ్సలా. జనం గుండెలు బాదుకున్నారు. సొంతబిడ్డ పోయినా దేవుడి పని వదల్లేదు ఈయప్ప అని, ముసిలోళ్లు గూడా వచ్చి కాళ్లకి మొక్కినారు."

"అవ్వ? అవ్వ ఏమంది?"

"ఏమీ అనలా. ఈ పదకొండేండ్లలో ఎవురన్నా నన్ను ఒక మాటంటే అదే అడ్డమొచ్చేది. 'దేవుడి కంకణం, ఆయనేం జేస్తాడు' అని."

"మంచి మనిషి తాతా, అవ్వ."

"నువ్వు ఆ నవల ఇచ్చి పోతివి గదా, సినిమా కథ అందులోదే, సదువుకో అని. ఇటికరాయంత ఉండె. నాకు సన్నక్షరాలు ఆనవు. పగలు అన్నం తినినాక మీ అవ్వే సదివి వినిపించేది. రెక్కల గుర్రాలు, మాట్లాడే కొండలు, సచ్చి లేచొచ్చే సైన్యం. అన్నీ నమ్మింది. కొండ మాట్లాడేకాడ 'అట్టనా, ఏమన్నిందో సూడు' అని నన్నే అడిగేది. రాజమాత కాడికి వచ్చేసరికి పుస్తకం మూసేసింది."

"ఎందుకు?"

"నాలుగే పేజీలు గదా ఆయమ్మ ఉండేది. పేరు గూడా లేదు. రాజ్యం నిలబడాలని వ్రతం పట్టి కంకణం కట్టుకోనుంటాది. కొడుకు పీనిగని తెచ్చి కోటగుమ్మం బయట దించుతారు. ఆయమ్మ గుమ్మం లోపలే నిలబడుకోనుంటాది. కంకణం ఉండాదని దాటి రాదు. ఏడవదు గూడా. అంతే గదా పుస్తకంలో?"

"అంతే. సినిమాకి మేం మార్చుకున్నాం. కంకణం తెంపేసి బయటికి పరిగెత్తుకొస్తుంది."

"అది మీ అవ్వకి తెలీదు గదా. పుస్తకం మూసేసి, 'దీన్ని రాసినోడికి తల్లి అంటే ఏందో తెలీదు' అన్నింది. 'రెక్కల గుర్రాన్ని నమ్మమంటే నమ్ముతా గాని దీన్ని నమ్మను. బిడ్డ బయట పడుంటే దారం ఆపతాదా కన్నదాన్ని' అన్నింది."

"మీరేమన్నారు?"

"సినిమాలో తెంపుతాదిలే, అంటి. 'ఎవురు? నువ్వా తెంపేది?' అన్నింది. నేనే, అంటి. కొంచెం సేపు నా మొగమే సూసింది. 'అయితే ఆ సీను నేను సూడాల, నన్ను తీసుకోని పో' అన్నింది. అది నోరు తెరిసి ఏదీ అడిగే మనిషి కాదు పాపా. నాకు మిగతా సినిమా అక్కరలేదు. కిరీటం వద్దు, సింహాసనం వద్దు. ఆ ఒక్క గుమ్మం దాటే సీను నాకు కావాల. రిహార్సల్లో తెంపబోతే మీ డైరెక్టరు 'దాచుకోండి రాజమాతా, షాట్లో తెంపండి' అన్నాడు. దాసిపెట్టుకోనుండా."

"అవ్వ ఎప్పుడొస్తుంది తాతా? అవ్వ వచ్చినాక నేను... ఇద్దరితో ఒకేసారి..."

"బావా, ఈయమ్మెవురు? సినిమా ఆయమ్మా?"

"రా నాగరత్నా. మా తమ్ముని పెండ్లాం పాపా, పక్కిల్లే."

"నమస్తే అమ్మా. నా పేరు లోహిత."

"లోహితా? ఆ దారం కట్టిచ్చింది నువ్వేనా?"

"నాగరత్నా, పోయి మగ్గం సూసుకో."

"పోతాలే. గూట్లో ఈ కోవా పొట్లం ఎవురికి?"

"చంద్రకాంతమ్మ అవ్వకి. వచ్చినాక ఇద్దామని పెట్టాను."

"వచ్చినాకనా? ఏం బావా, జెప్పలేదా?"

"నాగరత్నా."

"పోయిన మనిషి యాణ్ణించి వస్తాది తల్లీ? అక్క సచ్చిపోయి నెలా పదైదు దినాలాయ."

"ఏంటి? తాతా, ఏమంటోంది ఈమె?"

"కూర్చో పాపా. ఆ కుర్చీ కాదు, ఈ మంచం మింద కూర్చో."

"ఇంత సేపూ నాతో... గుడికి పోయిందా అని అడిగాను కదా మిమ్మల్ని!"

"లేదంటి గదా. అబద్దం జెప్పలా."

"నేను జెప్తా ఇను. గుండె జబ్బు. తిరపతి పెద్దాసుపత్రిలో ఏడు దినాలుండె. నేనే ఉంటి దగ్గిర. పొద్దన లేస్తే 'మీ బావ వచ్చినాడా' అనేది, తలుపు తెరిస్తే అటే సూసేది. నేను ఫోన్లో గొంతు పోయేటట్టు మొత్తుకుంటి ఈయనకి. రెండు గంటల దావ. ఏమంటాడు? కంకణం ఉండాది, పొలిమేర దాటకూడదు అంటాడు. ఏం కంకణం? సినిమా కంకణం!"

"మంత్రం సదివినారు నాగరత్నా."

"నువ్వు నోరెత్తబాక బావా! నాలుగో దినం నుంచి అక్కే అడగడం మానేసింది. నర్సమ్మలకి జెప్పేది, 'మా ఆయన కట్టుబాటు మనిషి, ఒకసారి కట్టుకున్నాడంటే తెంపడు' అని. గొప్పగా జెప్పేది తల్లీ, అది సూసి నాకు కడుపు మండేది. ఇంటికి తెచ్చి పండుకోబెడితే ఈయన పోయి మగ్గం షెడ్డులో కూర్చున్నాడు. మొగం గూడా సూళ్లా. కొరివి మా ఆయన పెట్టినాడు."

"ఏ తేదీ?"

"ఏంది?"

"అవ్వని ఆసుపత్రిలో చేర్చింది ఏ తేదీ?"

"ఫిబ్రవరి ఇరవై మూడు. పోయింది మార్చి ఒకటి."

"ఇరవై మూడా? బాగా గుర్తుందా?"

"జేర్చిందే నేను, నాకు గుర్తుండదా? యాల అడగతా ఉండావు?"

"ఏం లేదు."

"ఏమో ఉండాది. మొగం అట్ట పాలిపోయిందేమి నీకు?"

"నాగరత్నా, నీ మగ్గం నిలబడిపోయింది. పోగు తెగినట్టుండాది."

"తెగనీ."

"పోమ్మా. దండం పెడతా నీకు."

"పోతా. ఏ పాపా, నువ్వు పోయేలోగా ఆ దారం విప్పి పో. ఎవురు అడిగినా సెయ్యి దాసుకోని కూర్చుంటాడు. ఈ దారం పుణ్యాన అక్కకి ఒక పిండం గూడా పెట్టలా ఈ మనిషి. కట్టిచ్చినదానివి నువ్వే విప్పు."

"కోపగించుకోబాక పాపా. దానికి అక్క అంటే పానం."

"తాతా."

"ఊ."

"నేనొకటి చెప్పాలి. చెప్పినాక మీరు నన్ను కొట్టినా పడతాను."

"నేనెవుర్నీ కొట్టి ఎరగను."

"రాజమాత వేషం మీకు లేదు. మార్చేశారు. రాజమాతని మగవాడు కడితే జనం నవ్వుతారు అన్నాడు నిర్మాత. మద్రాసు నుంచి ఒక పెద్ద నటి వస్తోంది. మీ ఏడుపు సంగీతం వాళ్లకి కాదు, ఆమెకి. విని నేర్చుకుంటుందంట. సాయంత్రానికల్లా రికార్డు తెమ్మని నన్ను పంపారు."

"డైరెక్టరు ఏమన్నాడు?"

"రెండు రోజులు కొట్లాడాడు. తర్వాత ఊరుకున్నాడు."

"ఊ. ఊరుకుంటారు."

"ఎప్పుడు మార్చారని అడగరేం తాతా?"

"అడిగితే ఏమొస్తాది."

"ఫిబ్రవరి ఇరవై. ఆ రోజే నాకు చెప్పారు, నగరి తాతకి ఫోన్ చేసి చెప్పెయ్, కంకణం తీసేసుకోమను అని. నేను చెయ్యలేదు. మీ ఆశ నాకు తెలుసు, నోరు రాలేదు. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అనుకున్నాను. తర్వాత సిగ్గేసి అసలు చెయ్యలేదు. ఈ నెలలో చేసినవన్నీ ఆ రికార్డు కోసం చేసిన ఫోన్లు. ఇరవై తాతా! అవ్వ ఆసుపత్రికి పోయింది ఇరవై మూడు. నేను ఆ సాయంత్రం ఒక్క ఫోన్ చేసుంటే మీరు దీన్ని తీసేసి బస్సెక్కేవాళ్లు. ఏడు రోజులు అవ్వ దగ్గర ఉండేవాళ్లు. తలుపు తీసిన ప్రతిసారీ..."

"ఏడవబాక."

"అంతా నా వల్లే."

"ఏడవబాక పాపా. నీ వల్ల కాదు."

"మీ మంచితనం కొద్దీ అంటున్నారు. చెయ్యి ఇటివ్వండి. విప్పడం కూడా కాదు, తెంపేస్తాను."

"తెంపి యాడికి పోవాల?"

"తాతా..."

"కుశస్థలి ఏటి ఒడ్డున కాల్చేసినారు. ఆ ఇసకలో ఏముండాదని పోయేది? వదులు సెయ్యి. ఆ ఏడుపు కావాలంటివి గదా, ఫోను తియ్యి."

"వద్దు. నాకా రికార్డు వద్దు. ఈ ఉద్యోగమే వద్దు."

"నీ పని నువ్వు జెయ్యాల గదమ్మా. ఆయమ్మ నేర్చుకోవాల గదా. తియ్యి. ఏది నొక్కాల?"

"ఇదిగో, ఈ ఎర్రది. నొక్కాను."

"తిరగతా ఉండాదా?"

"తిరుగుతోంది."

"ఏమ్మా, మదరాసమ్మా. నీ పేరు నాకు తెలీదు. వేషం నీకిచ్చినారంట, మంచిది. ఏడుపుదేముండాది, గొంతు ఉంటే వస్తాది. ముందు నిలబడే తీరు నేర్చుకో. గుమ్మంలో నిలబడినప్పుడు కంకణం సెయ్యిని కడుపుకి ఆనించుకో. రెండో సెయ్యి దాని మింద ఉండాల. కాలు ఒకటి ముందరికి పడాల, పడీ ఆగిపోవాల. సూసే జనం ఏమనుకోవాల? పాపం, దారం పట్టేసుండాది, లేకుంటే ఈ తల్లి ఎప్పుడో పరిగెత్తుకొచ్చును, అనుకోవాల. అందరూ నమ్మాల. నువ్వు మాత్రం లోపల..."

"లోపల? ఏం తాతా, ఆపేశారు?"

"పాపా, మేకప్ గిరిప్రసాద్ సెల్లు ఇంగా అదే నంబరేనా?"

"అదే అనుకుంటా. ఎందుకిప్పుడు?"

"మంచోడు. ఫిబ్రవరి ఇరవై ఒకటో తేదీ పొద్దన్నే ఫోన్ జేసినాడు. 'అన్నా, నీ వేషం తీసేసినారు. నీకెవురూ జెప్పుండరు. మనసు కష్టపెట్టుకోబాక' అని."

"ఇరవై ఒకటా?"

"ఊ."

"అంటే అవ్వని ఆసుపత్రిలో చేర్చకముందే మీకు తెలుసా?"

"తెలుసు."

"వేషం లేదని తెలుసు. తెంపే సీనూ లేదని తెలుసు. మరి కంకణం..."

"ఉంచుకుంటి."

"ఎందుకు? పొలిమేర దాటకూడదన్నారు కదా నాగరత్నమ్మతో! దీన్ని కట్టింది చంద్రగిరిలో. కట్టుకున్న చేత్తోనే వ్యానెక్కి నగరికి వచ్చారు. ఎన్ని పొలిమేరలు దాటారు తాతా అప్పుడు?"

"పదో, పన్నెండో."

"మరి అవ్వ రమ్మంటే ఒక్కటి దాటలేకపోయారా?"

"నాకు పోవాలని లేదనుకున్నావా? రెండుసార్లు పోతి బస్టాండుకి. తిరపతి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటి గూడా. కూర్చోని దీన్ని పట్టుకుంటి, తెంపేద్దామని. రెండు వేళ్లతో లాగితే తెగిపోయే దారం. అప్పుడు తోస్తాది పాపా. ఉత్త సెయ్యితో పోయి ఆ మంచం కాడ నిలబడితే, అది ముందు నా మొగం సూడదు, సెయ్యి సూస్తాది. 'తెంపినావా? తెంపొచ్చునా దీన్ని?' అంటాది. 'నాకోసం తెంపినోడివి, బిడ్డకోసం యాల తెంపలేదు?' అంటాది. పదకొండేండ్లు నా పక్కన నిలబడి అందరికీ జవాబు జెప్పిన మనిషి. అది అడిగితే నేనేం జెప్పాల? దిగేస్తి. రెండుసార్లూ దిగేస్తి."

"అది వేరు తాతా, అవ్వకి ఆ మాత్రం తెలీదా? ఇది సినిమా దారం. అది గుడిలో కట్టింది. దేవుడి ముందు కట్టినదాన్ని మీరెట్లా తెంపుతారు? ఎవరు తెంపనిస్తారు?"

"అది ఇంగా తిరగతా ఉండాదా?"

"ఆపేస్తాను."

"ఆపబాక. ఉండనీ. ఇది నాకూ, పూజారికీ తప్ప ఇంగెవురికీ తెలీదు. ఆయన గూడా పోయినాడు. బిడ్డ పోయినాడని తెలిసిన అరగంటకి ఆయన హారతి పళ్లెం తీసుకోని నా కాడికొచ్చినాడు. 'దేవి ఒప్పుకున్నింది అప్పా, విప్పేస్తా, నువ్వు పోయి బిడ్డని సూసుకో. ఈ ఏడు తల్లివేషం చిన్నబ్బ కడతాడు' అని సెయ్యి పట్టుకోని ముడి మింద ఏలు పెట్టినాడు. నేనే పాపా, సెయ్యి ఎనక్కి లాక్కుంటి."